ఆరు బంతుల ఆవర్తము

వేసవి యనగానే తలుపులు బిగించుకొని, వట్టివేళ్ళ తడికలపై నీరు చల్లికొని, పొద్దు వాలువరకు వీధి ముఖము చూడని ఊరిలో పుట్టి పెరిగినవాడు, వేసవి యనగానే తలుపులన్నియు తెరచి జనమంతయు పచ్చిక బయళ్ళకు తరలివచ్చు దేశమున కాపురము పెట్టినచో, ఆ ఋతువుతో ఎట్లు మెలగవలెనో అతనికి కొన్నేండ్లదాక తెలియదు. బందరులో మే నెల మధ్యాహ్నము మనలను ఇంటిలోనికి తరుమును. ఇంగ్లండులో జూను సాయంకాలము మనలను బయటికి పిలుచును. అప్పుడు రాత్రి 9 గంటలు దాటినగాని సూర్యుడస్తమింపడు. అస్తమించిన పిమ్మటనైనను పడమటి దిక్కున వెలుగు చాలసేపు నిలిచియుండును. పిల్లలు ఆ వెలుగు చూపి, ఇంకను పగలే కదా యని వాదించి, నిద్రకు రామందురు; వారి వాదమును కాదనుటకు తలిదండ్రులకు సాక్ష్యము దొరకదు.

ఈ దీర్ఘ సాయంకాలముల వెనుక ఒక మనుష్యుని పట్టుదల యున్నది. విలియం విల్లెట్ అను గృహనిర్మాత వేసవి వేకువలలో గుఱ్ఱమెక్కి విహరించుచు, సూర్యోదయమై చాలసేపైనను ఇండ్ల కిటికీలకు తెరలు వ్రేలాడుచుండుట చూచి, ఇంతటి వెలుగు నిద్రపాలగుచున్నదే యని నొచ్చుకొని, గడియారములను ముందునకు జరుపవలెనని 1907లో ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. 1915లో కన్నుమూయువరకు ఆ వాదమును విడువలేదు. ఆయన పోయిన మరుసటి యేడు, యుద్ధకాలమున ఇంధనము పొదుపు చేయవలసిన అగత్యము కలిగి, 1916 మే 21వ తేదీన ఈ దేశము తన గడియారములను ఒక గంట ముందునకు త్రిప్పినది. పెట్స్ వుడ్ అను చోట ఆయన స్మారకముగా ఒక నీడ గడియారమును నిలిపినారు. అది పన్నెండు మాసములును వేసవి వేళనే చూపును. పని దినములలో సాయంకాలము 6 గంటలకు మొదలై చీకటి పడకముందే ముగియు మా పిల్లల క్రికెట్ ఆటలు ఆయన సంపాదించిపెట్టిన ఆ గంటలోనే జరుగుచున్నవని తలచినపుడెల్ల, ముఖమెరుగని ఆ మనుష్యుని యెడ నాకు కృతజ్ఞత కలుగును.

రెడింగ్ సమీపమున మేముండు గ్రామములో ఒక చర్చి, దాని ప్రక్కన చెస్ట్‌నట్ చెట్ల వరుస, ఆ చెట్లకావల క్రికెట్ మైదానము ఉన్నవి. మా అమ్మాయి పదునొకండేండ్ల లోపువారి జట్టులో ఆడును. ఇక్కడ పిల్లల ఆటలు తలిదండ్రుల శ్రమదానముపై నడచును: ఒకరు అంపైరుగా నిలుతురు, ఒకరు వికెట్లు పాతుదురు, ఒకరు పండ్లు కోసి పెట్టుదురు, ఒకరు స్కోరు వ్రాయుదురు. స్కోరు పుస్తకము నా చేతికి వచ్చుట యాదృచ్ఛికమే. దానిని విడువకుండుట మాత్రము నా యిచ్ఛ. ఈ కాలమ్ చదువు మిత్రులు కొందరు, మైదానము గట్టున కూర్చుండి అంకెలు వేయుటలో నీకేమి రుచి యని అడుగుచున్నారు. వారికి సమాధానము చెప్పుటకే ఈ వారము కలము పట్టితిని.

స్కోరు పుస్తకము తెరచినచో ఒక పుటలో ఒక ఇన్నింగ్స్ ఇమిడియుండును. పైన బ్యాటింగు చేయువారి వరుసలు, క్రింద బౌలర్ల గడులు, ఒక ప్రక్క మొత్తపు పరుగుల అంకెలు. పడిన ప్రతి బంతిని మూడు చోట్ల చూపవలెను: కొట్టినవాని పేరున ఒకసారి, వేసినవాని గడిలో ఒకసారి, పరుగు వచ్చినచో మొత్తపు పట్టీలో అంకెను కొట్టివేసి మరొకసారి. పరుగు రాని బంతికి చుక్క. వైడుకు అడ్డుగీత, నిలువుగీత కలిసిన గుర్తు. నోబాలుకు వలయము. బై పరుగునకు త్రిభుజము. లెగ్‌బైకి అదే త్రిభుజము తలక్రిందులుగ. ఒక బౌలరు ఆరు బంతులు వేసి పరుగేమియు ఈయకపోయినచో, మూడేసి చొప్పున రెండు వరుసలుగ నిలిచిన ఆ ఆరు చుక్కలను గీతలతో కలిపి మెయిడెన్ ఓవరునకు గుర్తగు ఆంగ్లపు ‘ఎమ్’ అక్షరము వ్రాయుదురు. ఆ ఓవరులోనే వికెట్టు కూడ పడినచో అవే చుక్కలను ‘డబ్ల్యూ’గా మలతురు. పదేండ్ల బాలుడు తన మొదటి మెయిడెన్ వేసి, ఓవరు ముగియగానే పరుగెత్తుకొని వచ్చి, ఆ అక్షరము నిజముగా పడినదా యని పుస్తకములోనికి తొంగిచూచునపుడు, ఆ చిన్న గీతలు గీయుటలో నాకు కలుగు సంతోషము ఇంతింత యనరానిది.

ఇన్నింగ్స్ ముగిసిన పిమ్మట లెక్క సరిపోవలెను. బ్యాటు పట్టినవారి పరుగులకు ఎక్స్‌ట్రాలు కలిపినచో వచ్చు మొత్తమును, బౌలర్లిచ్చిన పరుగులకు బైలును లెగ్‌బైలును కలిపినచో వచ్చు మొత్తమును ఒక్కటే కావలెను. క్రికెట్ నియమావళిలో 3వ నియమము స్కోరర్లను గురించినదే. ఇద్దరుండవలెనని, ఇద్దరును తమ పుస్తకములను తరచుగా సరిచూచుకొనవలెనని, అంపైరు చేయు ప్రతి సంజ్ఞను అందుకొన్నట్లు బదులు తెలుపవలెనని అది విధించుచున్నది. అంపైరు మోకాలు తాకిచూపును. మేము చెట్టు క్రిందినుండి చేయెత్తుదుము. మా చేయి లేచినగాని ఆట ముందునకు సాగదు. నాకు ఈ ఏర్పాటు మిక్కిలి నచ్చినది. మైదానము నడుమ జరిగినది గట్టున కూర్చున్నవానికి చేరినదని నిశ్చయమగువరకు ఆట ఆగి నిలుచును.

ఇప్పుడు చాల క్లబ్బులలో ఈ పనియంతయు పలకవంటి యంత్రముమీద సాగుచున్నది. వ్రేలితో నొక్కినచో కూడికలన్నియు అదియే చేసికొనును. ఊరిలో లేని తల్లియో తండ్రియో దూరమునుండి తమ బిడ్డ ఆటను చూచికొనగలరు. ఆ సౌలభ్యమును నేను తక్కువ చేయను. కాని చుక్క పెట్టుటకు చేయి కదలవలెను; చేయి కదలవలెనన్న కన్ను చూచియుండవలెను. పరుగేమియు రాని బంతి కూడ నా యెదుట పడినది, నేను దానిని చూచితిని అని ఆ చుక్క పలుకుచున్నది. కాగితముమీద పెన్సిలుతో పెట్టిన చుక్కకు ఈ సాక్షిత్వము నిండుగా ఉన్నదని నా నమ్మకము.

ఈ పని ఆటయంత పాతది. తొలినాళ్ళలో పరుగు వచ్చినపుడెల్ల కఱ్ఱమీద కత్తితో ఒక గాటు పెట్టెడివారు; పరుగునకే గాటు అను పేరుండెడిది. రెండు జట్ల ఇన్నింగ్స్‌లు పూర్తిగ తెలియు స్కోరుపట్టీలలో మనకు దక్కిన మిక్కిలి ప్రాచీనములు 1744 నాటివి. ఆట నియమములు వ్రాతలోనికి వచ్చినదియు ఆ సంవత్సరమే. ఆ శతాబ్దపు ఉత్తరార్ధమున హాంప్‌షైరులోని హాంబుల్డన్ గ్రామపు క్లబ్బు దేశమునకు తలమానికమై యుండెను. ఆ క్లబ్బు ముచ్చటలను జాన్ నైరన్ 1833లో వెలువడిన గ్రంథమున నిలిపినాడు. నైరన్ సంగీతము తెలిసినవాడు, వయొలిన్ వాయించెడివాడు, సంగీతప్రకాశకుడగు విన్సెంట్ నొవెల్లోకు స్నేహితుడు. అందుచేతనే కాబోలు, టామ్ స్యూటర్ వికెట్ల వెనుక ఎట్లు నిలిచెడివాడో చెప్పి ఊరకొనక, అతడును జార్జ్ లియరును ఆట ముగిసిన పిమ్మట సత్రమున కూర్చుండి గొంతులు కలిపి పాడెడి తీరును కూడ ఆయన ప్రేమతో వ్రాసియుంచినాడు. ఈ దేశమున వేసవియు, ఆటయు, పాటయు ఒకే చెట్టు నీడన పెరిగినవని నాకు మొదట తోపించినది ఆ పుటలే.

మా యింట జూను మొదలు రేడియో మ్రోగుచుండును. బీబీసీవారు టెస్టు ఆటను బంతి వెంట బంతిగ ప్రసారము చేయుట 1957లో, ఎడ్జ్‌బాస్టన్‌లో వెస్టిండీస్‌తో జరిగిన టెస్టుతో మొదలైనది. మొదటి ఇన్నింగ్స్‌లో 49 పరుగులకు 7 వికెట్లు తీసిన వెస్టిండీస్ బౌలరు సోనీ రామదీన్ రెండవ ఇన్నింగ్స్‌లో 98 ఓవర్లు వేయవలసివచ్చినది. పీటర్ మే, కోలిన్ కౌడ్రీ ఇద్దరును నిలిచి, ముందుకాలి ప్యాడును అడ్డుపెట్టి, నాలుగవ వికెట్టునకు 411 పరుగులు చేసినారు. రామదీన్ వేసిన ఆ 98 ఓవర్లలో 35 మెయిడెన్లు! ఒకే మనుష్యుని పేరున ముప్పదియైదు పర్యాయములు ఆ ఆరు చుక్కలు కలుపుచు పోయిన స్కోరరు చేతిని నేను పలుమారు తలచుకొందును. పరుగులు చేసినవారిని లోకము గుర్తుంచుకొన్నది. అలసియు ఆగని ఆ బౌలరు శ్రమ బంతి బంతికిని ఉన్నది ఆ పుటలో మాత్రమే.

ఈ విద్యకు తమ జీవితమునిచ్చిన మహనీయులున్నారు. ఆస్ట్రేలియాకు చెందిన బిల్ ఫెర్గూసన్ 1905లో తన దేశపు జట్టుతో ఇంగ్లండునకు వచ్చి, అది మొదలు అర్ధశతాబ్దముపాటు పలు దేశముల జట్లతో ఓడలెక్కి తిరిగినాడు. ఆ మొదటి కొలువుకొరకు అతడు సిడ్నీలో దంతవైద్యము చేయు మాంటీ నోబుల్ అను క్రికెటరు వద్దకు పండ్లు చూపించుకొను నెపమున వెళ్ళెనని ప్రసిద్ధి. ప్రతి దెబ్బ ఏ దిక్కునకు పోయినదో గీతలతో చూపు చిత్రమును వాడుకలోనికి తెచ్చినవాడు ఆయనయే. ఆయన పద్ధతిని మెఱుగు పెట్టి, 1966 మొదలు 2009లో మరణించువరకు రేడియో వ్యాఖ్యాతల ప్రక్కన కూర్చుండి బంతి బంతికిని ఒక వరుస వ్రాసినవాడు బిల్ ఫ్రిండాల్. వ్యాఖ్యాత మాటలాడునపుడు నేపథ్యమున ఆయన మెల్లగ అందించు అంకె వినబడుచుండెడిది.

కాని ఈ అంకెల విద్యను గౌరవింపని ఒక మహారచయిత యున్నాడు, ఆయనతో వాదింపక నేను ముందునకు పోలేను. నెవిల్ కార్డస్ మాంచెస్టరులో పేదయింట పుట్టి, బడి చదువు అంతంతమాత్రమై, గ్రంథాలయములలో తన్ను తాను దిద్దుకొని, 1912లో ష్రూస్‌బరీ పాఠశాలలో క్రికెట్ శిక్షకునికి సహాయకుడై, 1917లో మాంచెస్టర్ గార్డియన్ పత్రికలో చేరినాడు. 1919లో జబ్బుపడి లేచినపుడు, కొంచెము గాలి తగులునని ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానమునకు పంపగా, అక్కడ వ్రాసిన వ్రాతలే ఆయనకు వృత్తియైనవి. 1927 నుండి ఆ పత్రికకు ప్రధాన సంగీతవిమర్శకుడును ఆయనయే. వేసవిలో క్రికెట్, చలికాలములో హాలే వాద్యబృందపు కచేరీలు: ఇంతకు మించిన కొలువు నాకు తోచదు. ఆయన దృష్టిలో ఆటగాని నడక, మణికట్టు త్రిప్పు, స్వభావము ఇవియే ఆట. పరుగుల ఫలకము పలుకునది ఏమియు లేదు. సంగీతకృతిలో ఎన్ని స్వరములున్నవో లెక్కపెట్టినంతమాత్రమున దాని సౌందర్యము తెలియదు గదా యని ఆయన పక్షము.

ఈ మాటలో సత్యము లేకపోలేదు. 1932 జూనులో లార్డ్స్ మైదానమున భారతదేశము తన మొదటి టెస్టు ఆడినపుడు నాయకుడు మన తెలుగువాడు సి.కె. నాయుడు. తొలి ఇన్నింగ్స్‌లో మన జట్టు చేసిన 189 పరుగులలో ఆయనవి 40. అందరికంటె అవియే ఎక్కువ. ఫీల్డింగులో చేతికి గాయమైనను ఆ పరుగులు చేసినాడన్న సంగతి ఆ 40 అను అంకెలో ఎక్కడను లేదు. కార్డస్ గెలిచినట్లే కనబడును. కాని అంకెను తరువాత చదువువాడు వేరు, బంతి పడిన క్షణమున వ్రాయువాడు వేరు. ఆనాడు పెవిలియన్ చెంత కూర్చున్న స్కోరరు ఆ 40ని ఒక్కమారుగ వ్రాయలేదు. ఒకటిగ, రెండుగ, నాలుగుగ, నడుమ చుక్కలుగ వ్రాసినాడు. గాయపడిన ఆ చేయి ఎంత నొచ్చుచున్నదో చూచుచునే వ్రాసియుండును. సౌందర్యమును ఎరుగుటకు కార్డస్‌కు ప్రతిభ తోడైనది. అంతటి ప్రతిభ లేని నావంటి సామాన్యుడు ఒక్క బంతినైనను జారవిడువక చూడవలెనన్న, ఈ లెక్కయే అతని చేయి పట్టి నడిపించును. ఇది నాకు పుస్తకములు చెప్పిన మాట కాదు, మా నాన్నగారు చూపినది.

ఆయన బందరునుండి ఈ వేసవికి మాయొద్దకు వచ్చినారు. పాడరుగాని, విజయవాడ రేడియోలో కచేరీ వచ్చుచున్నదనిన ఇంటిలో ఎవరును మాటలాడరాదు; తొడమీద తాళము పడుచునే యుండవలెను. మొదటి సాయంకాలము మైదానము గట్టున మడతకుర్చీలో కూర్చుండి, శాలువా సరిచేసికొని, నన్ను చూచి, “ఏమిరా, అమ్మాయి అక్కడ ఆడుతుంటే నువ్వా పుస్తకంలో తల దూర్చి కూర్చుంటావేం?” అన్నారు. “ఆడేదంతా ఇందులో వ్రాయాలండీ, ఒక్క బంతి కూడా పోకూడదు” అంటిని. కొంతసేపు ఊరకుండి, “ఓవరంటే ఆరేనా?” అని అడిగి, “అయితే రూపకమే” అనుకొని, చేయి తొడమీద పెట్టినారు. మొదటి బంతికి దెబ్బ, రెండవదానికి విసురు, మూడవదానికి మరల దెబ్బ, పిమ్మట చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు, నడిమివ్రేలు. ఆరు అక్షరములు, ఒక ఆవర్తము. వైడు పడినచో చేయి నిలిచిపోవును. అది లెక్కకు రాని బంతి కాబట్టి అక్షరము కదలరాదు. తరువాతి బంతికి మరల అదే వ్రేలు. ఆ సాయంకాలమంతయు ఆయన చేయి ఒక్కమారైనను తప్పుట నేను చూడలేదు.

ఒక శనివారము వాన పడి పెద్దవారి ఆట రద్దు కాగా, అందరమును రైలెక్కి లండను వెళ్ళి, రాయల్ ఆల్బర్ట్ హాలులో ప్రామ్స్ కచేరీ వింటిమి. 1895లో రాబర్ట్ న్యూమన్, హెన్రీ వుడ్ కలిసి క్వీన్స్ హాలులో ఆరంభించిన ఆ కచేరీలు, 1941లో బాంబులకు ఆ భవనము కూలిన పిమ్మట ఇక్కడికి మారినవి. నిలుచుండి వినువారికి నేటికిని తక్కువ వెలకే చోటు దొరకును. మా అమ్మాయి పై గ్యాలరీలో నేలమీద వెల్లకిల పరుండి వినువారిని చూచి తానును పరుండినది. ఆ ప్రక్కనే ఒక వృద్ధుడు అచ్చువేసిన స్వరలిపిని ఒడిలో పెట్టుకొని, వేదికవైపు చూడకయే, వ్రేలితో పంక్తులు అనుసరించుచు విన్నాడు. నాన్నగారు తాళము వేయబోయి, వేగము మాటిమాటికి మారుచుండుటచే చేయి నిలిపి, “ఇక్కడ తాళం ఆయన చేతిలోనే ఉంది” అని, చివరివరకు కండక్టరు చేతిని చూచుచు కూర్చున్నారు.

జూలై నడుమ జరిగిన ఒక ఆటలో ఎదుటి జట్టు పుస్తకము వ్రాసినది ఒక పెద్దావిడ. ఆమె తమ ఊరి చర్చిలో ఆర్గన్ వాయించునట. ఒక ఓవరున ఆరు బంతులు పడిన పిమ్మట, అంపైరుగా నిలిచిన తండ్రి ఓవరు ముగిసినదని పలుకక, ఏడవ బంతి వేయించినాడు. నాన్నగారి చేయి గాలిలో ఆగినది. “ఏడు, ఏడు” అని తెలుగులోనే అన్నారు. ఆవిడ తలయెత్తి చూచినది. ఆమె గడిలోను, నా గడిలోను ఏడే ఉన్నవి. అంపైరు బంతుల లెక్క తప్పినను ఆయన లెక్కించిన ఓవరే చెల్లునని 17వ నియమము చెప్పుచున్నదని నేను వివరింపగా, నాన్నగారు కొంత యోచించి, “మంచిదే. తాళం తప్పిందని కచేరీ ఆపుతామా?” అన్నారు. ఆవిడ తన మోకాలిమీద ఆ ఆరు క్రియలను నేర్పించుకొని, ఇన్నింగ్స్ ముగియులోపల వ్రేళ్ళ వరుస పట్టుబరచుకొన్నది. అది మొదలు మా జట్లు రెండును కలిసినపుడు ఆయన కుర్చీ మా యిద్దరి కుర్చీల నడుమ పడుచుండెను. ప్రతి ఓవరు చివర మేము పుస్తకములు సరిచూచుకొనుటకు ముందుగా ఆయన నడిమివ్రేలు చూచుట అలవాటైనది.

ఆగష్టు చివర నాన్నగారు బందరు వెళ్ళిపోయినారు. సీజనులో ఇంకను కొన్ని ఆటలు మిగిలియున్నవి. మొన్నటి ఆటకు వచ్చిన ఆవిడ తన కుర్చీ వేసికొనుచు, ఆయన మరల ఎప్పుడు వచ్చునని అడిగినది. మే నెలలో వత్తురని చెప్పితిని. అప్పటికి మా అమ్మాయి పై వయసువారి జట్టునకు మారును, అక్కడ పిచ్ పొడుగెక్కువ. వీసాకు దరఖాస్తు ఎప్పుడు పెట్టవలెనో ఆవిడయే నాకు గుర్తు చేసి, టాసు వేసిరేమో చూచి రమ్మని మా అమ్మాయిని మైదానములోనికి పంపినది.